మామ్మ చీరకట్టుకి మార్కులెన్ని?

పోయినేడు మన ట్రెడిషనల్ డే నాడు నేను చేసిన ఒక వెధవ పని గురించి ముందు చెప్పేస్తాను. నా అభిప్రాయం తర్వాత. నచ్చకపోతే క్యాంటీన్లో కొట్లాడుకుందాం.

మాది యానాం. మామ్మ చేపలమ్ముతుంది. తెల్లారకుండానే గోదారి రేవుకెళ్ళి, పాటలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. చీర గోచీ పెట్టి కడుతుంది. అంటే కుచ్చిళ్ళ అంచు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి లాగి నడుం దగ్గర దోపేస్తుంది. పైట నడుం చుట్టూ తిప్పి బిగిస్తుంది. చీర పిక్కల దగ్గరే ఆగిపోతుంది. బురదలో దిగినా కాళ్ళకి అడ్డం పడదు. ఒక్క పిన్నీసు ఉండదు.

ఆ రోజు అమ్మతో పాటు తనూ వస్తానంది. నేను ఫోన్లో ఏమన్నానో తెలుసా? "మామ్మా, చీర కిందికి దింపి అందరిలా కట్టుకుని రా."

అలాగే వచ్చింది. ఆడిటోరియం మెట్ల మీద కుచ్చిళ్ళు కాలికింద పడి తూలిపోయింది. మోచెయ్యి గీరుకుపోయింది. లేపుతుంటే నవ్వుతూ, "ఏటే అమ్మాయ్, ఇది కట్టుకుని మీరంతా ఎలాగ నడుత్తారే?" అంది. లోపల స్టేజీ మీద 'బెస్ట్ శారీ డ్రేప్' పోటీ జరుగుతోంది. యాభై ఏళ్ళుగా రోజూ చీర కడుతున్న మనిషి మాత్రం బయట మెట్ల మీద కూర్చుని మోచేతికి కొంగు అద్దుకుంటోంది.

"అందరిలా" అన్నాను కదా, ఆ అందరూ ఎవరు? తర్వాత ఆలోచిస్తే నా మనసులో ఉన్నది మా వీధిలో వాళ్ళు కాదు. సినిమాల్లో, సీరియల్స్‌లో వాళ్ళు.

ముందు కుచ్చిళ్ళు, ఎడమ భుజం మీద పైట. ఫ్యాషన్ వాళ్ళు దీన్ని 'నీవి' కట్టు అంటారు. నీవి అంటే మన పోకముడే. ఇది అనాదిగా దేశమంతా కట్టిన కట్టు అనుకుంటాం గానీ, ఇప్పుడు కనిపించే ఈ రూపం అంతటా పాకింది గత నూట యాభై ఏళ్ళలోనే. 1860లలో బొంబాయిలో ఉన్న జ్ఞానదానందిని దేవి, రవీంద్రనాథ్ ఠాగూర్ వదినగారు, పార్సీ స్త్రీల కట్టు చూసి దాన్ని మార్చి, జాకెట్టూ లోపలి లంగాతో సహా బెంగాల్‌కి పట్టుకెళ్ళారు. 1894లో రవివర్మ ప్రెస్ పెట్టాక చీరలు కట్టిన లక్ష్మీ సరస్వతుల బొమ్మలు ఇంటింటి గోడకీ ఎక్కాయి. ఆ తర్వాత పని సినిమా చూసుకుంది.

మరి మిగతా కట్లు? చాంతాల్ బూలాంజే అనే ఫ్రెంచి పరిశోధకురాలు ఊరూరూ తిరిగి సుమారు వంద రకాల చీరకట్లు సేకరించి, 1997లో పుస్తకం వేశారు. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళు ఏలిన ఊరిదాన్ని నేను. నాకు మాత్రం మా ఇంట్లో ఉన్న ఒక్క కట్టూ సిగ్గనిపించింది.

తెర మీది చీర కెమెరా కోసం పుట్టింది. అందులో తప్పేం లేదు. 1968లో 'బ్రహ్మచారి' అనే హిందీ సినిమాలో ముంతాజ్ డ్యాన్స్ చెయ్యాలి, చీర ఊడకూడదు. భాను అథయ్యా ముందే కుట్టేసి, జిప్పు పెట్టి చీర తయారుచేశారు. తర్వాత 'గాంధీ'కి ఆస్కార్ తెచ్చుకున్నావిడ ఈవిడే. పని చూసి కట్టు మార్చింది కదా, అచ్చం మా మామ్మ చేసిన పనే! ఆవిడ చేస్తే డిజైన్, మామ్మ చేస్తే మోటు. ఇదీ నా గొడవ.

'ఉప్పెన' వచ్చినప్పుడు మా వీధంతా ఎగబడి చూశాం. ఉప్పాడ తీరం, మత్స్యకారుల కథ. బయటికొచ్చాక మేం అమ్మాయిలం మాట్లాడుకున్నది మాత్రం హీరోయిన్ బట్టల గురించే. సినిమా తలుచుకుంటే ఎంత శ్రద్ధ పెట్టగలదో మనకి తెలుసు. 2018 'మహానటి'లో సావిత్రి చీరలకీ నగలకీ పడిన కష్టానికి జాతీయ అవార్డే వచ్చింది. ఆ శ్రద్ధలో పదో వంతు చేపలమ్మే మనిషి చీర మీద పెట్టమనే నేనడిగేది. ఇప్పటికైతే తెర మీద గోచీకట్టు కనబడితే పక్కన డ్యాన్సో, కొట్లాట కామెడీయో ఉంటుందని నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. సీరియల్ కోడళ్ళు నిద్రలో కూడా పైట మడతలు చెదరకుండా లేస్తారు. వాళ్ళని చూసి చూసి, పని చేసేటప్పుడు నలిగిన చీర మనకి చీరలాగే కనబడటం మానేసింది.

నీవి మానెయ్యమని అనట్లేదు. ఫేర్‌వెల్‌కి నేనూ అదే కడతాను, యూట్యూబ్ పెట్టుకుని, పన్నెండు పిన్నీసులతో. మామ్మకి కూడా తన కట్టు మీద గొప్పలేం లేవు. "పనికి అడ్డం రాకూడదు, అంతే" అంటుంది. మెకానికల్ వాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. అయిదున్నర మీటర్ల గుడ్డ, ఒక్క కత్తెర గాటు లేదు, ఒక్క కుట్టు లేదు. మడత, ముడి, బిగింపు. రోజంతా తిరిగినా ఊడదు. మన ప్రాజెక్టుల్లో అంత నమ్మకంగా పనిచేసేవి ఎన్ని?

అందుకే కల్చరల్ కమిటీకి ఒక్కటే మాట. పోటీ రూల్స్‌లో 'కుచ్చిళ్ళు సమానంగా ఉండాలి, అంచు నేలని తాకాలి' అని ఉంది. ఆ లైను తీసెయ్యండి. దాని బదులు, ఎవరింటి కట్టు వాళ్ళు కట్టుకొచ్చి, అది ఎవరు నేర్పారో, ఏ పని కోసం అలా కడతారో రెండు ముక్కలు చెప్పమనండి. తెలంగాణ వాళ్ళూ, శ్రీకాకుళం వాళ్ళూ, అనంతపురం వాళ్ళూ ఒకే హాస్టల్లో ఉన్నాం. ఏ గూగుల్లోనూ దొరకని సంగతులు వినొచ్చు.

ఈ ఏడాది నేను పేరిచ్చేశాను, గోచీకట్టుతోనే. మామ్మ నేర్పుతోంది. ఇప్పటికి మూడుసార్లు ఊడింది. మొన్న ఫోన్ చేసి, నువ్వూ రావాలి అన్నాను.

"వత్తాను గానీ, ఏ కట్టు కట్టుకు రమ్మంటావే?" అని అడిగింది.

వేళాకోళమేం కాదు, నిజంగానే అడిగింది. నాకు వెంటనే మాట రాలేదు.