మన చరిత్ర కోసం బోస్టన్ వెళ్లాలా?

లిండన్ జాన్సన్ మాటే చెల్లి ఉంటే, అమెరికా అధ్యక్షుడిగా ఆయన ఫోన్లలో మాట్లాడిందంతా 2023 జనవరి దాకా ఎవరి చెవినా పడేది కాదు. తాను పోయాక 50 ఏళ్ల వరకు ఆ రికార్డింగులు ముట్టుకోవద్దని ఆయన షరతు పెట్టారు. 1973 జనవరిలో కన్నుమూశారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో ఆయన పేరిట నడుస్తున్న లైబ్రరీయే ఆ పెట్టెలు తెరవడం మొదలుపెట్టింది. కెనెడీ హత్యకు సంబంధించిన రికార్డులన్నీ బయటపెట్టాలని 1992లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం అందుకు దారి తీసింది. పాత ప్లాస్టిక్ బెల్టుల మీది ధ్వని అంతకాలం నిలుస్తుందో లేదోనన్న భయమూ తోడైంది. ఆరు వందల గంటలకు పైబడిన ఆ సంభాషణలను ఇవాళ ఎవరైనా, ఎక్కడి నుంచైనా వినవచ్చు.

దేశాధినేత ఇష్టాన్ని చట్టం పక్కన పెట్టింది. పెట్టడమే న్యాయం. అధికారంలో ఉండగా పాలకుడు రాసిన కాగితం, రాయించిన నోటు, ఇచ్చిన ఆదేశం ఆయన సొంత ఆస్తి కావు. వాటిని ఎన్నాళ్లు దాచాలో తేల్చే హక్కు ఆయనకూ లేదు, ఆయన వారసులకూ లేదు, ఆ కుర్చీలో తర్వాత కూర్చున్నవారికీ లేదు. అరవయ్యో దశకపు అమెరికా రికార్డులు బయటికి వచ్చిన తీరు చూస్తే ఈ మాటలో రాజీకి తావెందుకు ఉండకూడదో అర్థమవుతుంది.

వియత్నాం సంగతే తీసుకోండి. 1964 మే 27న జాన్సన్ తన జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో ఫోన్లో మాట్లాడారు. అక్కడ అమెరికాకు ఒరిగేదేమీ లేదని, దిగితే బయటపడే దారి కూడా కనిపించడం లేదని ఆయన వాపోవడం టేపులో స్పష్టంగా వినిపిస్తుంది. మరి ఆ మనిషే పది వారాల తర్వాత ఏం చేశారు? ఆగస్టు 4 రాత్రి టోంకిన్ సింధుశాఖలో అమెరికా నౌకల మీద రెండోసారి దాడి జరిగిందని దేశానికి చెప్పారు. మూడు రోజుల్లో కాంగ్రెస్ ఆయన చేతికి యుద్ధాధికారం అప్పగించింది. దిగువ సభలో ఒక్క ఓటు కూడా ఎదురు పడలేదు. సెనేట్‌లో అడ్డం తిరిగింది ఇద్దరే, వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్.

ఆ రెండో దాడి అసలు జరగనే లేదు. ఈ మాట అన్నది యుద్ధ వ్యతిరేక ఉద్యమకారులు కాదు, అమెరికా నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీలోనే పనిచేసిన చరిత్రకారుడు రాబర్ట్ హాన్యాక్. దాడి జరిగిందన్న కథకు సరిపోయేలా నిఘా సమాచారాన్ని ఏరి, వంచి పైకి పంపారని ఆయన ఆ సంస్థ అంతర్గత పత్రికలోనే రాశారు. ఆ వ్యాసం కూడా కొన్నేళ్లు రహస్యంగానే ఉంది. 2005 చివర్లో గానీ విడుదల కాలేదు. అప్పటికి 41 ఏళ్లు గడిచాయి. 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు, లక్షలాది వియత్నాం ప్రజలు మట్టిలో కలిశారు. రికార్డు అప్పుడే సభ ముందుకు వచ్చి ఉంటే 1964 ఆగస్టు 7న ఆ ఓటింగు అలా జరిగేది కాదు.

యుద్ధం ఎలా మొదలైందన్న విషయంలోనే కాదు, ఎందుకు త్వరగా ముగియలేదన్న దాంట్లోనూ దాపరికమే. 1968 ఎన్నికలకు ముందు జాన్సన్ ఉత్తర వియత్నాంపై బాంబుదాడులు ఆపి, శాంతి చర్చలకు రంగం సిద్ధం చేశారు. రిపబ్లికన్ అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ మనుషులు మాత్రం అన్నా షెనాల్ట్ అనే మహిళ ద్వారా దక్షిణ వియత్నాం ప్రభుత్వానికి కబురు పంపారు. తొందరపడి చర్చలకు వెళ్లొద్దు, నిక్సన్ వస్తే మీకు ఇంతకంటే మేలు జరుగుతుందని ఆ కబురు సారాంశం. జాన్సన్‌కు ఇది తెలిసింది. నిఘా ద్వారా తెలిసింది కాబట్టి బయటికి చెప్పలేకపోయారు. రిపబ్లికన్ సెనేట్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సెన్‌తో ఫోన్లో దీన్ని దేశద్రోహమనే అన్నారు. ఆ కాగితాలన్నీ సలహాదారు వాల్ట్ రోస్టో ఒక కవరులో పెట్టి, 50 ఏళ్లు తెరవొద్దని చెప్పి లైబ్రరీకి అప్పగించారు. లైబ్రరీ 1994లోనే దాన్ని తెరిచింది. చర్చలకు అడ్డం పడాలని స్వయంగా నిక్సనే సూచించినట్టు ఆయన సహాయకుడు హాల్డెమన్ రాసుకున్న నోట్సు 2017 ప్రాంతంలో గానీ లోకం దృష్టికి రాలేదు. నిక్సన్ ఒక్క శాతం కన్నా తక్కువ తేడాతో గెలిచిన ఎన్నిక అది. ఓటరుకు తెలియాల్సింది ఓటు వేసే నాడు తెలియలేదు.

క్యూబా క్షిపణుల సంక్షోభం కథా అలాంటిదే. 1962 అక్టోబరులో కెనెడీ బెదరకుండా నిలబడ్డారు కాబట్టే రష్యా వెనక్కి తగ్గిందని ఒక తరం అమెరికన్లు నమ్మారు. టర్కీలోని తమ జుపిటర్ క్షిపణులను తీసేస్తామని అమెరికా రహస్యంగా మాటిచ్చిన సంగతి అధ్యక్షుడి చుట్టూ ఉన్న కొద్దిమందికే తెలుసు. అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ పేరిట వచ్చిన పుస్తకం నుంచి ఆ ఒప్పందపు స్పష్టమైన ప్రస్తావనను తానే తొలగించానని కెనెడీ సలహాదారు థియోడర్ సోరెన్సెన్ 1989లో ఒప్పుకున్నారు. బోస్టన్‌లోని కెనెడీ లైబ్రరీ విడుదల చేసిన టేపుల్లో, సలహాదారులు చాలామంది వద్దంటున్నా ఆ బేరానికి మొగ్గు చూపిన అధ్యక్షుడే వినిపిస్తాడు. రాజీకి సిద్ధపడటం వల్లే అప్పుడు లోకం బతికింది. దాన్ని మొండితనం గెలిచిన కథగా చెప్పుకున్న తరమే తర్వాత వియత్నాంలో మొండికేసింది.

ఇక మన గోధుమల సంగతి. అరవైల్లో రేషన్ షాపు ముందు నిలబడ్డవారికి అమెరికా ఆహార సాయం కింద వచ్చిన పీఎల్-480 గోధుమలు గుర్తుంటాయి. 1965, 66లో వరుసగా వానలు ముఖం చాటేశాయి. ఒక ఏడాది అమెరికా గోధుమ పంటలో సుమారు ఐదో వంతు మన రేవులకే వచ్చింది. అది దయ అని మన పెద్దలు కొందరు, దౌర్జన్యమని మరికొందరు అనుకున్నారు. అసలేం జరిగిందో అమెరికా విదేశాంగ శాఖ ప్రచురించిన దౌత్యపత్రాల సంపుటాల్లో పూసగుచ్చినట్టు ఉంది. దీర్ఘకాల ఒప్పందాన్ని జాన్సన్ పక్కన పెట్టేశారు. నెలనెలా తానే లెక్క చూసి, తానే సంతకం చేస్తే తప్ప ఓడ కదలకుండా కట్టడి చేశారు. వ్యవసాయ మంత్రి ఓర్విల్ ఫ్రీమన్, ఢిల్లీలోని రాయబారి చెస్టర్ బౌల్స్ వంటివారు గోధుమలు వదలమని ఒత్తిడి తెచ్చినా, 1966 రెండో సగంలో బిహార్ ఆకలితో మాడుతున్నా కొత్త కేటాయింపులను నెలల తరబడి తొక్కిపట్టారు. మన వ్యవసాయ విధానం మారాలన్నది ఒక కారణం. వియత్నాంపై ఇందిరాగాంధీ ప్రభుత్వం చేస్తున్న విమర్శ ఆయనకు మింగుడు పడకపోవడం ఇంకో కారణం.

1965 నవంబరులో మన ఆహార మంత్రి సి. సుబ్రమణ్యం రోమ్‌లో ఫ్రీమన్‌తో ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. ఆ సంగతి అప్పట్లో మన ప్రజలకు చెప్పలేదు. సాగు మీద ఖర్చు పెంచాలని, ఎరువుల పరిశ్రమలో విదేశీ పెట్టుబడికి దారి ఇవ్వాలని అందులో ఉంది. అమెరికా కంపెనీల భాగస్వామ్యంతో వచ్చిన విశాఖ కోరమాండల్ ఫెర్టిలైజర్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పొట్టి వరి వంగడాలు పాకిన రోజులవి. కాబట్టి హరిత విప్లవం మన పొలంలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సగం జవాబు ఆస్టిన్‌లో ఉంది. మిగతా సగం మన దగ్గర ఉండాలి.

ఉందా? 1962, 65, 71 యుద్ధాల రికార్డులు గానీ, హరిత విప్లవం రికార్డులు గానీ తమ వద్ద లేవని 2022 డిసెంబరులో సాక్షాత్తూ నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా డైరెక్టర్ జనరల్ చందన్ సిన్హా బహిరంగ వేదిక మీద చెప్పారు. కేంద్రంలో 151 మంత్రిత్వ శాఖలు, విభాగాలు ఉంటే 36 మాత్రమే తమకు రికార్డులు అప్పగించాయని కూడా అన్నారు. పాతికేళ్లు దాటిన శాశ్వత రికార్డులను ఆర్కైవ్స్‌కు ఇవ్వాలని చెప్పే పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993 నుంచీ ఉంది. రికార్డులు మాయం చేస్తే జైలు అని కూడా అందులో రాసి ఉంది. కానీ ఒక ఫైలు మీద ‘రహస్యం’ ముద్ర పడితే దాన్ని ఎప్పటిలోగా తొలగించి తీరాలో ఆ చట్టం గట్టిగా చెప్పదు. ఆ సందులోంచే అరవై ఏళ్ల చరిత్ర జారిపోతోంది.

1962 నవంబరు 19న, చైనా సేనలు దూసుకొస్తున్న వేళ, నెహ్రూ కెనెడీకి ఒకే రోజు రెండు లేఖలు రాశారు. పన్నెండు స్క్వాడ్రన్ల సూపర్‌సోనిక్ యుద్ధవిమానాలు కావాలని, మన సిబ్బంది శిక్షణ పొందేదాకా వాటిని అమెరికన్ సిబ్బందే నడపాలని కోరారు. అలీన విధానపు పెద్ద కలం నుంచి ఆ మాట వచ్చిందంటే ఆ రాత్రి ఢిల్లీ ఎంత బెంబేలెత్తి ఉంటుందో ఊహించవచ్చు. ఆ లేఖలను మన పరిశోధకులు చదువుకుంటున్నది బోస్టన్ నుంచి. అదే యుద్ధం మీద మన సైన్యమే తయారుచేసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదిక 1963 నుంచి బీరువాలోనే ఉంది. అందులోని విషయాలు ఇప్పటికీ సున్నితమైనవేనని 2010లో రక్షణ మంత్రి ఏకే ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ పాత్రికేయుడు అందులో చాలా భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. భూమి బద్దలు కాలేదు. అయినా అధికారికంగా అది రహస్యమే. ప్రతిపక్షంలో ఉండగా దాన్ని బయటపెట్టాలన్న పార్టీ అధికారంలోకి వచ్చాక నోరు మెదపదు. ఈ మౌనంలో ఏ పార్టీకీ మినహాయింపు లేదు.

అమెరికా ఆదర్శమని మేం అనడం లేదు. 1966 జులై 4న సమాచార స్వేచ్ఛా చట్టం మీద సంతకం పెట్టిన జాన్సన్, ఏ హంగూ లేకుండా, ఇష్టం లేని పనిలాగే ఆ పని కానిచ్చారు. 1971లో తన లైబ్రరీ ప్రారంభోత్సవంలో చేదు విషయాలు సైతం ఇక్కడే ఉన్నాయని గొప్పగా చెప్పిన ఆయనే, టేపులకు యాభై ఏళ్ల తాళం వేయబోయారు. అక్కడ ఏ అధ్యక్షుడూ మనసుకు నచ్చి తలుపు తీయలేదు. డేనియల్ ఎల్స్‌బర్గ్ వియత్నాం యుద్ధంపై రహస్య నివేదికైన పెంటగాన్ పత్రాలను ప్రాణానికి తెగించి పత్రికలకు ఇచ్చారు, సుప్రీంకోర్టు 6-3తో పత్రికల పక్షాన నిలిచింది. వాటర్‌గేట్ రోత బయటపడ్డాక, అధ్యక్షుడి పత్రాలు దేశానివేనని 1978లో చట్టం వచ్చింది. ఇరాన్‌లో 1953లో ప్రభుత్వాన్ని కూల్చిన కుట్రలో తమ పాత్రను దాచేసి దౌత్యపత్రాల సంపుటి వేస్తే చరిత్రకారులు గగ్గోలు పెట్టారు. దాంతో ముప్పై ఏళ్లలోగా నిజాయితీగా ప్రచురించి తీరాలని 1991లో చట్టమే చేశారు. పట్టుబట్టి అడిగినవారి వల్ల సాధ్యమైన పనులివి.

ఇప్పుడక్కడా గాలి మారుతోంది. 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంప్ నేషనల్ ఆర్కైవ్స్ అధిపతిని తొలగించారు. ఆ మార్చిలో కెనెడీ హత్య ఫైళ్లను హడావిడిగా గుమ్మరిస్తే, బతికున్న మనుషుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు కూడా బయటపడ్డాయి. పారదర్శకత అంటే కాగితాల కుప్పను వీధిలో పారబోయడం కాదు. చదివి, వరుస పెట్టి, ఎవరి బతుకుకు హాని కలగకుండా చూసే శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. అది ఖర్చుతో కూడిన పని. మన ప్రభుత్వాలు ఎగవేస్తున్నదీ ఆ ఖర్చే.

1962లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో ఆఫీసు తెరిచి, గోధుమలకు మనం చెల్లించిన పీఎల్-480 రూపాయలతోనే భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. మన దగ్గర చెదలు పట్టిపోయినవి కొన్ని అక్కడి అరల్లో చెక్కుచెదరకుండా దొరుకుతాయి. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే తెలుగు తల్లిదండ్రులు ఓ పూట ఆ లైబ్రరీల్లోకి తొంగిచూస్తే మంచిదే. కానీ దేశం తన గతం కోసం విమానం టికెట్ కొనుక్కోవాల్సి రావడం సిగ్గుచేటు.

పబ్లిక్ రికార్డ్స్ చట్టాన్ని వెంటనే సవరించాలి. ముప్పై ఏళ్లు నిండిన ప్రతి ఫైలూ దానంతటదే బహిరంగం కావాలి. దేన్నైనా ఇంకా దాచాలనుకుంటే ఎందుకు దాచాలో మంత్రి రాతపూర్వకంగా పార్లమెంటుకు చెప్పుకోవాలి, ఆ కారణం సరైనదో కాదో స్వతంత్ర సంఘం తేల్చాలి. పాతికేళ్లు దాటిన రక్షణ రికార్డులు మామూలుగా బహిరంగం చేస్తామని 2021 జూన్‌లో రక్షణ శాఖ ప్రకటించింది. అది ప్రకటన దశ దాటాలి. కేంద్ర చట్టం రాష్ట్రాల ఫైళ్లకు వర్తించదు. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ ఉమ్మడి రాష్ట్రపు అరవైల నాటి రికార్డుల జాబితాను ప్రచురించాలి. 1966 విశాఖ ఉక్కు ఉద్యమం, 1969 తెలంగాణ ఉద్యమం నాటి కాల్పుల మీద సచివాలయంలో నడిచిన ఫైళ్లు ఏవి మిగిలాయో, ఏవి పోయాయో నిజం చెప్పాలి. ఆ కాల్పుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లకు ఆ జవాబు బాకీ ఉంది.

వీటన్నిటికీ కమిటీలు కావాలనవచ్చు. హెండర్సన్ బ్రూక్స్ నివేదికకు ఏ కమిటీ అక్కర్లేదు. ఆ యుద్ధం నడిపిన నాయకులూ లేరు, సేనానులూ లేరు. రాసి అరవై ఏళ్లు దాటింది. రక్షణ మంత్రి దాన్ని వచ్చే పార్లమెంటు సమావేశాల్లో సభ ముందు పెట్టాలి.