నానమ్మ డబ్బాలో పద్నాలుగు రూపాయలు

పోయిన నెల ఒక ఆదివారం మా నానమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. "ఇవి అమ్ముకొని రా బిడ్డా. పైసలు నా చేతిల పెట్టు. మీ నాయనకు చెప్పకు" అంది. మూత తీస్తే 14 వెండి రూపాయలు.

సంగతేంటంటే ఆమెకి రెండో కంటి ఆపరేషన్ ఉంది. మొదటి కంటికి నాన్న, బాబాయ్ చెరి సగం పెట్టుకున్నారు. ఆ సగాల లెక్క మీద ఇంట్లో నడిచిన మాటలు ఆమె చెవిన పడ్డాయి. ఈసారి ఎవరి ముందూ చెయ్యి చాపనని పంతం పట్టింది.

నాకు వెండి అంటే ఫోన్‌లో పైకీ కిందికీ పోయే గీత. అంతకుమించి తెలీదు. ఒక వెండి దుకాణానికి వెళ్లాను (పేరు వద్దు, బజారు కూడా వద్దు). అతను పద్నాలుగింటినీ ఒకేసారి కాటాలో పోశాడు. 162 గ్రాములు. "పాత రూపాయలన్నీ సగం వెండే భాయ్, సగం రాగి" అని కాలిక్యులేటర్ నా వైపు తిప్పాడు. అమ్మేసేవాణ్నే. ఒకమాట అడుగుదామని నానమ్మకి ఫోన్ చేశాను.

"సగం వెండి ఎట్లయితది రా? అవి కల్దార్లు!"

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. కానీ ఆమె గొంతులో కోపం చూసి నాణేలు ఏరుకుని ఇంటికొచ్చేశాను.

మేముండేది తిరుమలగిరి. బ్రిటిష్ వాళ్ల కంటోన్మెంట్ నేల. మా ముత్తవ్వ ఇక్కడి బారక్స్‌లో పాలు పోసేదట. హుస్సేన్‌సాగర్ అవతల నిజాం రాజ్యంలో నిజాం సొంత రూపాయి నడిచేది, దాన్ని హాలీ సిక్కా అనేవాళ్లు. కంటోన్మెంట్‌లో సోల్జర్ల జేబుల్లో ఉండేది బ్రిటిష్ ఇండియా రూపాయి. అదే కల్దార్, అంటే మిషన్ మీద కొట్టింది అని. ఒకే ఊళ్లో రెండు రూపాయలు. పాలకి ఏది తీసుకోవాలో ముత్తవ్వకి బాగా తెలుసన్నమాట.

ఎందుకో లెక్క చూడండి. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక పాత తులం. అందులో నూటికి 91.7 పాళ్లు వెండి, అంటే 10.69 గ్రాములు. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే 9.14 గ్రాములు. ఇప్పుడు 10.69ని 9.14తో భాగించండి. 1.17 వస్తుంది. ఆ రోజుల్లో మారకం రేటు ఏడు హాలీలకి ఆరు కల్దార్లు. 7ని 6తో భాగిస్తే? అదే 1.17! రాత్రి పదకొండింటికి ఇది చూసి నేను కుర్చీలోంచి లేచాను. ఆ మారకం రేటు లోపలి వెండిని దాదాపు అణా పైసలతో సహా చెప్తోంది. 1951 తర్వాత భారత రూపాయే అసలు నాణెం అయినా, హాలీ అదే రేటుకి 1959 దాకా నడిచింది.

మరి దుకాణదారు చెప్పిన సగం వెండి అబద్ధమా? పూర్తిగా కాదు, అదే అసలు కిటుకు. రెండో ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి 1940 నుంచి 1945 దాకా కల్దార్ రూపాయిని నిజంగానే సగం వెండితో కొట్టారు. ఆరో జార్జి రాజు బొమ్మ ఉంటుంది. 1947 రూపాయిలో అసలు వెండే లేదు, నికెల్. అయస్కాంతానికి అతుక్కుంటుంది. కాబట్టి ముందు సంవత్సరం చదవాలి, ఆ తర్వాతే కాటా.

మా డబ్బాలో 1940ల నాటి సగం వెండివి మూడే. విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి కలిపి పది. హాలీ ఒకటి. దాని మీద చార్మినార్, మధ్య ద్వారంలో 'ఐన్' అనే ఉర్దూ అక్షరం. ఉస్మాన్ అలీఖాన్ గుర్తు అది. వాళ్ల నాన్న మహబూబ్ అలీఖాన్ నాణెం అయితే అక్కడ 'మీమ్' ఉంటుంది. మీ ఇంట్లో ఉంటే చూసుకోండి, ఫోన్ కెమెరా జూమ్ చాలు.

లెక్క సులువు కోసం గ్రాము వెండి 100 రూపాయలనుకుందాం. మా పద్నాలుగింటిలో అసలు వెండి సుమారు 133 గ్రాములు, అంటే 13,300. అన్నీ సగం వెండే అని కొంటే 81 గ్రాములు, 8,100. ఒక్క మాటతో ఐదు వేలు పోయేవి. అరుగుదల, కరిగించే ఖర్చు, తరుగు ఎవరైనా పట్టుకుంటారు, అది న్యాయమే. వాళ్లూ బతకాలి. తూకం, వెండి శాతం, ఈరోజు రేటు, తరుగు: ఈ నాలుగూ విడివిడిగా కాగితం మీద రాసిమ్మని అడగండి. రేటు తులానికి చెప్తే, పది గ్రాముల తులమా పాత తులమా అని కూడా అడగండి.

ఇదంతా వెండి ధర. నాణెం ధర వేరే. దానికోసం చార్మినార్ దగ్గర పాత నాణేలు కొని అమ్మే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లుగా ఇదే పనట. పోగు పోయలేదు, ఒక్కొక్కటీ అంచు పట్టుకుని చూశాడు. 1918 రూపాయిని రెండు సెకన్లలో పక్కన పెట్టేశాడు. కోట్లల్లో కొట్టారు, దానికి వెండి ధరే. ఆ రూపాయి కథ మాత్రం నాకు నచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ వెండి చాలక, 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి తన వెండి డాలర్లని కరిగించి బ్రిటన్‌కి అమ్మింది, ఇండియా కోసమే. ఆ ఏళ్ల రూపాయిలో ఎవరో అమెరికావాడి డాలరు కూడా ఉండొచ్చు.

1939 రూపాయి ఉందా అని అడిగాడు. లేదన్నాను. "మంచిదే, ఉన్నా నమ్మేవాణ్ని కాదు" అన్నాడు. అది చాలా అరుదు, అందుకే నకిలీలు ఎక్కువ. రాముడు, సీత, హనుమంతుడు ఉన్న 1818 'ఈస్టిండియా కంపెనీ' బిళ్లలూ అంతే. కంపెనీ అలాంటి నాణెం చలామణీకి కొట్టలేదు. ఇక పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అనే వాట్సాప్ మెసేజ్‌లు మీకూ వచ్చే ఉంటాయి. తమ పేరు వాడుకునే ఇలాంటి మోసగాళ్ల గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య "ఒక విక్టోరియా నాకు కొరియర్ చెయ్‌రా" అన్నాడు. కుదరదు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

చివరికి పెద్దాయన చేతిలో ఒకటి ఆగింది. 1911, ఐదో జార్జి. ఆ ఏడు రాజుగారి అంగీ మీద చెక్కిన ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని గోల అయింది. ప్రభుత్వం నాణేన్ని వెనక్కి తీసుకుని, మరుసటి ఏడు ఏనుగుని సరిచేసింది. దాన్నే 'పిగ్ రూపీ' అంటారు. వెండి ధరకి కొన్ని రెట్లు పలుకుతుంది. నా గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. ఆయన నాణెం తిప్పి పైఅంచు చూపించాడు. ఎప్పుడో కొక్కెం అతికించి పీకేసిన మచ్చ. "దీనికీ వెండి ధరే బేటా" అన్నాడు. చింతపండుతో తోమి తెద్దామనుకున్నానని చెప్తే నవ్వాడు. తోమినా అంతేనట. నల్లగా ఉన్నదే కొనేవాడికి ఇష్టం.

ఎడ్వర్డ్ రూపాయి ఒకదానికీ, హాలీకీ వెండి కంటే కాస్త ఎక్కువ ఇచ్చాడు. మిగతావి వెండి లెక్కన. 1911ది మాత్రం ఎందుకో అమ్మబుద్ధి కాక జేబులో వేసుకున్నాను. మొత్తం ఎంతొచ్చిందో చెప్పను, ఇది మా నాన్న చదువుతాడు. ఆపరేషన్‌కి పూర్తిగా చాలదు, కానీ ఎక్కువ భాగం వచ్చింది.

నానమ్మ నోట్లు రెండుసార్లు లెక్కబెట్టి కొంగున ముడేసుకుంది. 1911 రూపాయి చేతిలో పెట్టి పంది కథ, మచ్చ కథ చెప్పాను. మచ్చ లేకపోతే ఎంతొచ్చేదో కూడా చెప్పాను.

"మా అమ్మ పెట్టిచ్చింది కొక్కెం. చిన్నప్పుడు నా మెడల ఉండె" అంది. కాసేపు ఆ మచ్చ మీద గోరుతో గీకింది. "ఎట్లాగూ దాని ధర పాయె గదా. మళ్ల కొక్కెం పెట్టిచ్చుకొని రా."