బొమ్మలు గీయడం కాదు మోడలింగ్ అంటే

మోడల్ డ్రివెన్ ఇంజనీరింగ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కాలేజీలో యూఎంఎల్ ల్యాబు. ఏటీఎం యూజ్ కేసు, లైబ్రరీ క్లాస్ డయాగ్రము, రికార్డులో స్కేలు పెట్టి గీసిన డబ్బాలు, ఎక్స్‌టర్నల్ గారి సంతకం. అంతే, అక్కడితో దానికి కర్మకాండ అయిపోయింది. ఉద్యోగంలో చేరాక మళ్ళీ అది కనపడేది క్లయింటుకి డాక్యుమెంటు పంపాల్సినప్పుడే. నేను పనిచేసిన ఒకచోట ప్రాజెక్టు మొత్తం అయ్యాక, డెలివరీకి వారం ముందు, కోడు చూసి బొమ్మలు గీయించారు. దానిపేరు డిజైను డాక్యుమెంటు! గృహప్రవేశం అయ్యాక ఇంటి ప్లాను గీయించినట్టు.

నేననేదేంటంటే, ఆ బొమ్మ నుంచి ఏదీ పుట్టనప్పుడు దాన్ని మోడల్ అని పిలవడమే దండగ. ఒక రంగంలో ఏ వస్తువులున్నాయి, వాటి మధ్య సంబంధాలేంటి, ఏ నియమాలు తప్పకూడదు, ఇవన్నీ ఒక ఫైల్లో రాస్తాం. టేబుళ్ళు, స్క్రీన్లు, చెకింగులు ఆ ఫైలు నుంచి పుట్టాలి. నియమం మారితే అక్కడ మార్చి మళ్ళీ పుట్టించుకోవాలి. ఓఎంజీ వాళ్ళు 2001లోనే ఎండీఏ అని పేరుపెట్టి దీన్ని ఊదరగొట్టారు. అప్పట్లో అది రేషనల్ రోజ్ లాంటి లైసెన్సు సరుకు కొనగలిగినవాళ్ళ వ్యవహారం. ఇప్పుడు ఆ సాకు చెల్లదు. ఎక్లిప్స్‌లో ఈఎంఎఫ్ ఇరవయ్యేళ్ళకి పైగా ఊరికే దొరుకుతోంది. మన అవసరానికి ఒక చిన్న భాష తయారుచేసుకోడానికి ఎక్స్‌టెక్స్ట్, కోడు పుట్టించడానికి యాక్సెలియో, బొమ్మలే కావాలంటే సిరియస్. జావా గోల వద్దంటే వీఎస్ కోడ్‌లో నడిచే లాంగియం ఉంది. థేల్స్ అంతటి రక్షణరంగ కంపెనీ తన లోపలి పనికోసం చేసుకున్న కేపెల్లాని 2014లో ఓపెన్ సోర్సు చేసేసింది.

సరే, ఇదంతా మనకెందుకు అంటారా? మా వైపు సంగతి చెప్తాను.

మాది ఇచ్ఛాపురం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ పట్టీనే ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, వాటితోపాటు కిడ్నీ జబ్బు. అసలు కారణం ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభించారు, హిరమండలం నుంచి మంచినీళ్ళ పథకం కూడా. సంతోషం. నా గొడవ డాక్టర్లతో కాదు, మన సాఫ్టువేరు జాతితో.

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని తేల్చడానికి ఒక్క రక్తపరీక్ష చాలదు. ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువ ఉండటమో, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం లాంటి గుర్తులో, మూడు నెలలకి పైగా కొనసాగాలి. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న నిర్వచనం. ఇప్పుడు మనలో ఒకడికి ఈ ఫారం చేసే పని అప్పగించారనుకోండి. పేరు, ఊరు, వయసు, క్రియాటినిన్ అని నాలుగు గళ్ళు పెట్టి సాయంత్రానికి డెమో చూపించేస్తాడు. క్రియాటినిన్‌కి ఒకటే గడి! రెండోసారి పరీక్ష చేస్తే మొదటిది చెరిగిపోతుంది, లేదా అదే మనిషి ఇంకో మనిషిగా ఎక్కుతాడు. ఇక ఆ డేటా చూసి జబ్బు దీర్ఘకాలికమో కాదో ఏ డాక్టరు చెప్పగలడు? కోడులో తప్పు లేదు, టెస్టులన్నీ పచ్చగా పాసవుతాయి. ఒక మనిషికి తేదీలతో సహా చాలా రీడింగులుంటాయి అన్న ఒక్క సంబంధాన్ని ఎవరూ రాయలేదు, అంతే.

ఇంకోటి. ఈజీఎఫ్ఆర్ నేరుగా కొలిచేది కాదు, క్రియాటినిన్, వయసు, ఆడా మగా చూసి లెక్కగట్టేది. సీకేడీ-ఈపీఐ సూత్రమే 2009లో ఒకటి, 2021లో సవరించింది ఒకటి. ఫలితం మాత్రం దాచుకుని ఏ సూత్రంతో వచ్చిందో రాసుకోకపోతే పాత అంకెనీ కొత్త అంకెనీ పక్కపక్కన పెట్టలేం. సూత్రం మోడల్లో ఒకచోట ఉంటే ఒక లైను మార్పు. స్క్రీనుకొకటి, రిపోర్టుకొకటి, స్టోర్డ్ ప్రొసీజరుకొకటి అతికించి ఉంటే ఆ మార్పు ఎవడు చేస్తాడు, ఎన్ని చోట్ల మర్చిపోతాడు?

అందుకే అంటున్నా. ప్రజల డబ్బుతో కట్టే ప్రతి సాఫ్టువేరు టెండర్లోనూ మోడల్ ఫైలు ఓపెన్ ఫార్మాట్లో బయటపెట్టాలన్న షరతు ఉండాలి. మనుషుల వివరాలు కాదండోయ్, అవి గుట్టుగానే ఉండాలి. ఆ వివరాల ఆకారం మాత్రమే. ఇదేమీ గాల్లో మేడ కాదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణం ఇలాంటిదే. దాని నిర్వచనాలన్నీ యంత్రం చదవగలిగే ఫైళ్ళుగా అందరికీ దొరుకుతాయి. హాపీ అనే ఓపెన్ సోర్సు లైబ్రరీలో ఆ జావా క్లాసులు ఆ నిర్వచనాల నుంచి పుట్టించినవే. మావాళ్ళు ఒకసారి విశాఖ కేజీహెచ్‌కి, ఇంకోసారి సరిహద్దు దాటి బరంపురానికి పోతారు. ఆ రెండింటి మధ్య నాకు తెలిసిన ఇంటర్‌ఫేసు ఒక్కటే, రోగి చేతిలో రిపోర్టులున్న ప్లాస్టిక్ కవరు.

జబ్బు సంగతి వదిలేసినా తుపాన్లున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి ఉద్దానం తోటల్ని పడగొట్టాక నష్టపరిహారం కొబ్బరికి చెట్టు లెక్కన, జీడికి హెక్టారు లెక్కన ఇచ్చారు. మా తోట ఎప్పుడైనా చూశారా? పైన కొబ్బరి, కింద జీడి, మధ్యలో పనస, మామిడి. సర్వే నంబరుకి ఒకే పంట అని డ్రాప్‌డౌన్ పెడితే ఇక్కడ మొదటి తోటలోనే ఆగిపోతుంది. జీడి విస్తీర్ణం ఎంతని రాయాలి? వేళ్ళతో కూలిన కొబ్బరీ, మొవ్వు విరిగి నిలబడ్డ కొబ్బరీ ఒకటేనా? మొవ్వు పోతే ఆ చెట్టు నిలబడ్డా చచ్చినట్టే. ఇది మా రైతులందరికీ తెలుసు, మాదాపూర్‌లో కూర్చుని స్కీమా రాసేవాడికి తెలీదు. కాబట్టి తెలిసినవాళ్ళు చదివి దిద్దగలిగే రూపంలో మోడల్ ఉండాలి.

దానికీ పరికరం ఉంది. ఓడీకే అని, 2008లో వాషింగ్టన్ యూనివర్సిటీలో మొదలైంది. ఫారం మొత్తం ఒక ఎక్సెల్ షీటులో రాస్తారు. ప్రశ్న ఏ రకం, ఏ పరిస్థితిలో అడగాలి, ఏ విలువ చెల్లదు, ఏది ఎన్నిసార్లైనా రావచ్చు, అన్నీ అందులోనే. దాన్నుంచి ఫోన్లో ఫారం తయారు, నెట్టు లేకపోయినా నింపుకోవచ్చు. పండితులు దీన్ని మోడల్ డ్రివెన్ అని పిలవకపోవచ్చు గానీ నా లెక్కలో అచ్చంగా అదే. ఆ షీటు ప్రింటు తీసి ఊళ్ళో చూపిస్తే "ఏటి బాబూ, పనస మర్సిపోనారు" అని వాళ్ళే పట్టేస్తారు. జావా కోడు చూపించి ఆ మాట అనిపించుకోగలమా?

తెలుగునాట ఈ ఆలోచన ఎవరికీ రాలేదనీ కాదు. ఎఫ్.సి. కోహ్లీ చొరవతో టీసీఎస్ 2000లో మొదలెట్టిన కంప్యూటరు వయోజన విద్య ముందు తెలుగులోనే వచ్చింది, తర్వాత మిగతా భాషలకి. ఒక్కో భాషకీ మళ్ళీ మళ్ళీ కట్టే బదులు పాఠం నిర్మాణాన్నే మోడల్ చేసి ఒక కుటుంబంగా పుట్టించడం ఎలాగో హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో శ్రీధర్ చిమలకొండ, కేశవ్ నోరి పరిశోధించారు. ఈ కేశవ్ నోరి 1970లలో జూరిక్‌లో పాస్కల్-పి కంపైలరు చేసిన బృందంలో ఒకరు. దాన్ని సోర్సుతో సహా పంచిపెట్టారు కాబట్టే పాస్కల్ అన్ని మెషీన్లకీ పాకింది. ఇంకోపక్క టీసీఎస్ వాళ్ళే పుణెలో మాస్టర్‌క్రాఫ్ట్ చేసి పెద్ద పెద్ద అప్లికేషన్లు మోడళ్ళ నుంచి పుట్టించారు. అది కంపెనీ సరుకు, నాలాంటివాడి చేతికి రాదు.

ఓపెన్ సోర్సు వాళ్ళు దేవుళ్ళని చెప్పట్లేదు. పాపిరస్ తెరిస్తే టీ తాగి రావచ్చు. ఒక టూల్లో దాచిన ఎక్స్‌ఎంఐ ఇంకో టూల్లో తెరిస్తే ఏం వస్తుందో దేవుడికే తెలియాలి. ఆండ్రోఎండీఏ పడుకుంది. మన ల్యాబుల్లో వాడిన స్టార్‌యూఎంఎల్ మొదట ఓపెన్ సోర్సే, రెండో వెర్షను నుంచి డబ్బులు. కానీ సోర్సు బయట ఉంది కాబట్టే పోయినదాన్ని ఇంకొకరు అందుకున్నారు. ఓపెన్ఆర్కిటెక్చర్‌వేర్ ముక్కలే ఎక్లిప్స్‌లో ఎక్స్‌టెక్స్ట్‌గా బతికాయి.

ఇక ఈమధ్య ప్రతి మీటింగులో వినపడే మాట: "ఏఐ కోడు రాసేస్తోందిగా, ఇంక మోడల్ ఎందుకు బాస్?" కోడు చవకైనకొద్దీ మోడల్ విలువ పెరుగుతుంది మహాప్రభో. అదే ప్రాంప్టు రెండుసార్లు ఇస్తే రెండు రకాల ఫారాలిస్తుంది, రెండూ చూడ్డానికి బాగానే ఉంటాయి. వాటిలో ఏది సరైనదో దేనితో సరిచూస్తావు? క్రియాటినిన్‌కి ఒకే గడి పెట్టడం మనకన్నా వేగంగా చేస్తుంది, అంతే తేడా :)

ఉద్దానం తోట లెక్క కోసం ఒక ఎక్స్‌ఎల్‌ఎస్ ఫారం మొదలెట్టాను. తోట, అందులో చెట్ల రకాలు, రకానికి ఎన్ని, ఏ స్థితిలో, భూమి ఎవరిది, సాగు ఎవరిది, అంతవరకూ అయింది. తెలుగు లేబుళ్ళు నావే. మా వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆ లేబుళ్ళ వరస ఖాళీగా ఉంది. ఒడియా రాయడం వచ్చినవాళ్ళూ, కొబ్బరి తెగుళ్ళ పేర్లు సరిగ్గా తెలిసినవాళ్ళూ ఉంటే చెప్పండి, ఫైలు పంపిస్తాను.