పరుగొక్కటే చాలదు.. అగ్నివీర్ ర్యాలీలో ఇప్పుడు మనసుకూ పరీక్ష!

ఓబులదేవరచెరువు, శ్రీ సత్యసాయి జిల్లా: ఆర్మీకి ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లను కదిపితే ముందు చెప్పేది టైమింగే. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తే 60 మార్కులు. పది పుల్‌అప్స్ తీస్తే మరో 40. కానీ ఇప్పుడు లెక్క అంతటితో అయిపోవడం లేదు. ర్యాలీలో అడాప్టబిలిటీ టెస్ట్ కూడా పెడుతున్నారు. అందుకే స్మార్ట్‌ఫోన్, డేటా బ్యాలెన్స్‌తో రమ్మంటున్నారు.

ఇంతకీ ఏంటీ టెస్ట్?

కొత్త చోటు, కష్టమైన వాతావరణం, క్రమశిక్షణ.. వీటికి అభ్యర్థి సర్దుకోగలడా లేదా అన్నది చూడటమే దీని ఉద్దేశం. ఆఫీసర్ల ఎంపికలో ఇలాంటివి కొత్త కాదు. ఐదు రోజుల ఎస్ఎస్‌బీలో బొమ్మ చూసి కథ రాయాలి, 15 సెకన్లకో మాట చొప్పున 60 మాటలకు వాక్యాలు రాయాలి. దీని వెనక 1943లో డెహ్రాడూన్‌లో మొదలైన పరిశోధన ఉంది. అదే ఇప్పుడు ఢిల్లీలోని డీఆర్‌డీవో ల్యాబ్ డీఐపీఆర్. జవాన్ల విషయంలో మాత్రం చాలాకాలం రన్నింగ్, మెడికల్, రాతపరీక్షలదే ప్రధాన పాత్ర.

మనసును ఎందుకు చూడాలి?

అమెరికాలోని వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో 2004లో ఏంజెలా డక్‌వర్త్ బృందం 1,200 మందికి పైగా క్యాడెట్లను పరిశీలించింది. తొలి వేసవి శిక్షణ తట్టుకుని నిలిచేదెవరో చెప్పడంలో మార్కులు, ఫిట్‌నెస్ కలిపిన స్కోరు కంటే పట్టుదలే మెరుగైన కొలమానమని తేలింది. అయితే ఇలాంటి ప్రశ్నపత్రాలతో ఎంపికలు చేయొద్దని తర్వాత హెచ్చరించిందీ ఆమే! కారణం సింపుల్. ఉద్యోగం చేతికొచ్చే చోట ఎవరైనా ఉన్నది కాకుండా, బాగుండేదే రాస్తారు.

భాష కూడా ముఖ్యమే. 1917లో అమెరికా సైన్యం చదువురాని వాళ్లకి, ఇంగ్లిష్ తెలియని వాళ్లకి బొమ్మలతో ‘బీటా’ అనే వేరే పరీక్ష పెట్టింది. అడిగింది అర్థం కాకపోతే తెలివి కూడా తక్కువగానే కనిపిస్తుంది మరి. మన దగ్గర 2025 నుంచి అగ్నివీర్ ఆన్‌లైన్ రాతపరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. మంచి మార్పే.

మన ఊరికి ఇదెందుకు పట్టాలి?

పక్కనే ఉన్న గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ, అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే నెలలో ఎల్‌ఓసీ దగ్గర పాక్ కాల్పుల్లో వీరమరణం పొందారు. ఈ ఉద్యోగం ఎంత బరువైందో ఇక్కడి జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి చోటికి పంపేముందు మనసును చూడటం తప్పేం కాదు. కానీ ఫోన్‌లో పెట్టే ఒక్క టెస్ట్‌తో ఆ పని అయిపోదు. ధైర్యం, ఓర్పు శిక్షణలో పెరిగేవే. యూనిట్‌లో చేరాక కూడా ఒత్తిడిని గమనించి సాయం చేసే ఏర్పాటు ఉండాలి. నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ చేస్తారన్న ఒత్తిడి కూడా వాళ్ల మీద ఉంటుందని మర్చిపోకూడదు.

కుర్రాళ్లకి ఒక్క మాట. బట్టీ పట్టిన జవాబులతో వెళ్లొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఊళ్లో పెద్దలకి ఇంకో మాట. ఈ టెస్ట్‌లో పోయి తిరిగొచ్చినవాడు పిరికివాడు కాదు. ఆ ఒక్క ఉద్యోగానికి సరిపోలేదని చెప్పారంతే!