ముందు సైటు చూడండి, కంపెనీ పేరు తర్వాత

పిల్లకి ఎయిర్ పిస్టల్ కొనాలని వచ్చే తల్లిదండ్రులు నన్ను మొదట అడిగేది కంపెనీ పేరు. మొరీనీ మంచిదా, స్టెయిర్ మంచిదా, వాల్తర్ అయితే ఎలా ఉంటుంది? తర్వాత ధర. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ తీసుకోవాలా, మామూలుదా అని. బ్యారెల్ పైన ముందొకటి, వెనకొకటి ఉండే ఆ రెండు నల్లటి ముక్కల గురించి అడిగేవాళ్లు ఎంతో అరుదు. హైదరాబాద్‌లో పిల్లలకు 10 మీటర్ల పిస్టల్ నేర్పుతున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతాను: లక్ష రూపాయలు దాటే ఆ వస్తువులో మీరు ముందు చూడాల్సింది ఆ రెండు ముక్కలనే. పేరున్న కంపెనీల పిస్టళ్లన్నీ బల్లకి బిగించి కాలిస్తే దాదాపు ఒకే రంధ్రంలో పెల్లెట్లు వేస్తాయి. తేడా వచ్చేది పిస్టల్ మీ పిల్ల చేతిలోకి వెళ్లాకే.

ముందున్నది ఫ్రంట్ సైట్. నిలువుగా ఉండే చిన్న బ్లేడు, వెడల్పు సాధారణంగా 4 నుంచి 5 మిల్లీమీటర్లు. వెనకున్నది రియర్ సైట్. దాని మధ్యలో చదరంగా ఒక గాడి ఉంటుంది, మేం నాచ్ అంటాం. గురి చూసినప్పుడు బ్లేడు నాచ్ మధ్యలో నిలవాలి. రెండింటి పై అంచులు ఒకే గీతలో ఉండాలి, బ్లేడుకి అటూ ఇటూ వెలుతురు సమానంగా కనపడాలి. ఈ ఆటలో నేర్చుకోవాల్సినదాంట్లో సగం ఇదే.

లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 330 మిల్లీమీటర్లు, టార్గెట్ 10 మీటర్ల దూరంలో. నాచ్‌లో బ్లేడు 1 మిల్లీమీటరు పక్కకి జరిగిందంటే పెల్లెట్ టార్గెట్ మీద దాదాపు 30 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. 10 వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే, అక్కణ్ణించి ఒక్కో వలయం వెడల్పు 8 మిల్లీమీటర్లు. నడిమధ్యన పడాల్సిన 10 కాస్తా 7 అవుతుంది. అదే సైట్లు రెండూ కుదురుగా ఉండి, చెయ్యి మొత్తంగా 1 మిల్లీమీటరు ఊగిందనుకోండి, పెల్లెట్ కూడా ఆ 1 మిల్లీమీటరే జరుగుతుంది. 10లోనే ఉంటుంది. పిల్లలు చెయ్యి వణుకుతోందని ఏడుస్తారు. వణుకు అందరికీ ఉంటుంది, ఒలింపిక్ పతకం తెచ్చినవాళ్లకీ ఉంటుంది. నేను వాళ్లకి చెప్పేది ఒకటే, చెయ్యి ఊగనీ, సైటు చెదరనివ్వకు.

కంటికి ఒక పరిమితి ఉంది. ఒక సమయంలో అది ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. బ్లేడు అంచు గీసినట్టు కనిపించాలంటే టార్గెట్ మసకబారక తప్పదు. మా పాపకి నల్ల గుండ్రం అలికినట్టు కనిపిస్తోందట, కళ్లద్దాలు మార్చాలా మేడమ్ అని కంగారుగా ఫోన్లు చేస్తారు. మార్చక్కర్లేదమ్మా, ఆ పాప సరిగ్గా చూస్తోంది. టార్గెట్ స్పష్టంగా ఉంది, బ్లేడే మసకగా ఉందంటేనే నేను ఆగి మాట్లాడతాను.

ఇక కొనుగోలు సంగతి. దుకాణంలో బిగించి ఉన్న సైటు సాధారణంగా పెద్దవాళ్ల చేతి పొడవుకి సరిపోతుంది. పెద్దవాళ్లు చెయ్యి చాచినప్పుడు ఫ్రంట్ సైట్ కంటికి 90 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకుందాం. అక్కడ 4.5 మిల్లీమీటర్ల బ్లేడు, టార్గెట్‌లోని నల్ల గుండ్రం కన్నా కాస్త సన్నగా కనిపిస్తుంది. పన్నెండేళ్ల పిల్ల చెయ్యి చాస్తే ఆ దూరం 75 సెంటీమీటర్లకి తగ్గిపోవచ్చు. అప్పుడు అదే బ్లేడు గుండ్రమంత వెడల్పుగా కనిపిస్తుంది. వెనకున్న నాచ్ కంటికి ఇంకా దగ్గర కనుక అది మరీ పెద్దదవుతుంది, పక్కల వెలుతురు విపరీతంగా పెరుగుతుంది. అంత వెలుతురులో బ్లేడు కాస్త ఎడమకి జరిగినా పిల్ల పట్టుకోలేదు. రెండేళ్లలో చెయ్యి పొడుగవుతుంది, ఈ లెక్కంతా మళ్లీ మారుతుంది. కాబట్టి నాచ్ వెడల్పుని స్క్రూతో మార్చుకునే వీలున్నదీ, ఫ్రంట్ బ్లేడ్లు వేరువేరు వెడల్పుల్లో దొరికేదీ అయితేనే కొనండి. చెప్పులు ఒక సైజు పెద్దవి కొన్నట్టు, ఎదిగాక సరిపోతుందిలే అని సైటు విషయంలో సర్దుకోవద్దు.

ఎంత వెలుతురు ఉంచాలన్న దానిమీద కోచ్‌లలో అభిప్రాయభేదాలున్నాయి. ఇరుకైన నాచ్ పెడితే గురి కచ్చితంగా ఉంటుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. కొత్త పిల్లలకి ఒక్కోవైపు బ్లేడు వెడల్పులో సగానికి దగ్గరగా వెలుతురు ఉంచుతాను. రెండు తెల్లటి గీతలు సమానమో కాదో పోల్చడం కంటికి సహజంగా వచ్చే పని, పోల్చడానికి ఆ గీతలు ముందు కనపడాలి కదా. ఇరుకు నాచ్‌లో పిల్ల వెలుతురు వెతుక్కుంటూ ఊపిరి బిగపట్టి నిలబడిపోతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణం దాటిపోతుంది.

డబ్బు కట్టే ముందు ఒక పరీక్ష చేయించండి. పిస్టల్ ఖాళీ అని కళ్లారా చూసుకుని, గోడ వైపు తిప్పి, పిల్లని కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తమనండి. కుదురుగా నిలబడ్డాక కళ్లు తెరవమనండి. బ్లేడు అప్పటికే నాచ్‌లో మధ్యకి దగ్గరగా ఉండాలి. ప్రతిసారీ ఒకే పక్కకి పోతోందంటే గ్రిప్ ఆ చేతికి కుదరలేదన్నమాట. మణికట్టు తిప్పి సరిచేసుకోమని మాత్రం చెప్పకండి. అలసట రాగానే ఆ మణికట్టు తన చోటికి తాను పోతుంది, సైటూ దాంతోపాటే పోతుంది.

ఈమధ్య ఇంకో ఒత్తిడి మొదలైంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మామయ్య వీడియో కాల్‌లో తన కొత్త పిస్టల్ మీద రెడ్ డాట్ చూపిస్తాడు. ఎర్ర చుక్క టార్గెట్ మీద పెట్టి నొక్కడమే, మీరింకా ఆ పాతకాలం సైట్ల దగ్గరే ఉన్నారా అంటాడు. అక్కడి అవసరం వేరు, ఆయన చెప్పింది ఆయనకి సబబే. రెండు సైట్లని కలిపే పని చుక్క తప్పిస్తుంది, చూపు టార్గెట్ మీదే ఉంచవచ్చు. వయసు మీరి దగ్గరి చూపు తగ్గినవాళ్లకి అది నిజంగా ఉపకారం. నాకూ యాభై దాటాయి. బ్లేడు స్పష్టంగా కనపడాలంటే షూటింగ్ కళ్లద్దాల్లో ప్రత్యేకంగా ఒక లెన్స్ పెట్టుకోవాల్సి వస్తోంది, ఆ కష్టం నాకు తెలుసు. కానీ మన పిల్లలు దిగేది అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నిబంధనల పోటీల్లోకి. అక్కడ పిస్టల్ మీద ఓపెన్ సైట్లు మాత్రమే ఉండాలి. అద్దాలూ, టెలిస్కోపులూ, లేజర్లూ, ఎలక్ట్రానిక్ చుక్కలూ నిషిద్ధం. చూపు సరిచేసే లెన్స్ షూటర్ ముఖానికి పెట్టుకోవచ్చు, పిస్టల్‌కి బిగించకూడదు. చుక్కతో అలవాటుపడ్డ పిల్లకి అసలు నేర్చుకోవాల్సినది నేర్పనట్టే అవుతుంది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మామూలు కళ్లద్దాలతో మిక్స్‌డ్ టీమ్ రజతం గెలిచాడు. ఏ పరికరాలూ లేకుండా గెలిచాడని ఫోన్లన్నీ మోగిపోయాయి. అదే విభాగంలో మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ కాంస్యం తెచ్చారు. డికెచ్ ముఖానికి ప్రత్యేకమైన లెన్స్ లేదు, నిజమే. కానీ ఆయన చేతిలోని పిస్టల్ మీద ఆ బ్లేడూ ఆ నాచూ ఉన్నాయి, మిగతా అందరి పిస్టళ్ల మీద ఉన్నట్టే. పరికరం అనవసరం అని ఆ ఫొటో చూపించి పిల్లలకి చెప్పేవాళ్లు ఆ సంగతి కూడా చెప్పాలి.

నా అసలు ఫిర్యాదు తల్లిదండ్రుల మీద కాదు. వాళ్లకి చూసి కొనే అవకాశమే లేదు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, 20 జౌళ్లకి మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. చట్టం అడ్డు రావడం లేదు, వస్తువే చేతికి అందడం లేదు. పోటీలకి పనికొచ్చే పిస్టళ్లు ఎక్కువగా దిగుమతి సరుకు. ఫొటో చూసి ఆర్డర్ ఇచ్చి, నెలలు ఆగి, పెట్టె విప్పాక చేతికి సరిపోలేదని తెలుసుకుంటున్నారు. తొమ్మిదేళ్ల వయసులో గచ్చిబౌలి రేంజ్ చూసి ఈ ఆట ఎంచుకున్న ఈషా సింగ్ పదమూడేళ్లకే జాతీయ చాంపియన్ అయింది, 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆమెని చూసి వస్తున్న పిల్లలకి ప్రభుత్వం చేయగలిగింది ఒకటుంది. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ప్రతి ప్రభుత్వ రేంజ్‌లో వేరువేరు గ్రిప్ సైజుల్లో నాలుగైదు పిస్టళ్లు, వాటికి రకరకాల వెడల్పుల ఫ్రంట్ బ్లేడ్లు ఉంచాలి. కొనబోయే పిల్ల వారం రోజులు వాటితో ఆడి, తనకి సరిపడిన కొలతలు కాగితం మీద రాయించుకుని వెళ్లాలి. పిల్లలు ఎదిగాక పక్కన పడేసిన చిన్న గ్రిప్పులూ, బ్లేడ్లూ క్లబ్బులు వెనక్కి తీసుకుని తర్వాతి పిల్లలకి ఇవ్వాలి. ఇవేవీ పెద్ద బడ్జెట్ పనులు కావు. వచ్చే సీజన్‌లో కొత్త పిల్లల్ని చేర్చుకునే లోపే మొదలుపెట్టవచ్చు.