సవరం ఖరీదు ఎవరు కడుతున్నారు?

రిష్తా చూడటానికి వచ్చే బీబీలకు మన ఇళ్లలో ఒక అలవాటుంది. షర్బత్ గ్లాసు కింద పెట్టి, "ఇలా రా బేటీ, నా పక్కన కూర్చో" అని ప్రేమగా పిలుస్తారు. దుపట్టా సర్దుతున్నట్టే చేయి పోనిచ్చి జడ ఎంత లావుందో చూసుకుంటారు. అబ్బాయి టోపీ తీసి చూసినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకూ కనిపించలేదు.

ఊరూరా హెయిర్ ఎక్స్‌టెన్షన్ల దుకాణాలు పెరుగుతుంటే మన పెద్దలు అమ్మాయిల నఖ్రాలు ఎక్కువయ్యాయంటున్నారు. జుమా బయానుల్లో ఈ ఫ్యాషన్ మీద లానత్‌లూ వినిపిస్తున్నాయి. నేను చెప్పేదొకటే. ఆ దుకాణాన్ని నడిపిస్తున్నది అమ్మాయి నఖ్రా కాదు, దుపట్టా కిందికి పోయిన ఆ చేయి.

ముందు ఆ బాజార్‌లో ఏముందో చూద్దాం.

మన నానీల కాలంలో సవరమంటే ఒకటే రకం. దువ్వినప్పుడు రాలిన తన వెంట్రుకల్నే చుట్టచుట్టి గోడ సందులో దాచుకుని, చాలినన్ని పోగయ్యాక సవరం కట్టించుకునేవాళ్లు. దానికి మజూరీయే తప్ప కీమత్ లేదు. ఇప్పుడు రకాలు పెరిగాయి. క్లిప్-ఇన్ అంటే చిన్న క్లిప్పులతో పొద్దున పెట్టుకుని రాత్రి తీసేసేది. సింథటిక్ దారంతో చేసింది కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అసలు జుట్టుతో చేసిన సెట్టయితే అయిదారు వేల దగ్గర మొదలై పదిహేను, ఇరవై వేల దాకా పోతుంది. టేప్-ఇన్‌లో మన జుట్టు పాయను రెండు పల్చటి పట్టీల మధ్య పెట్టి అతికిస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ఊడదీసి మళ్లీ అతికించాలి, ప్రతిసారీ మళ్లీ ఖర్చు. కెరాటిన్ బాండ్‌లో ఒక్కో పాయనూ కరిగించిన జిగురుతో కుదుళ్ల దగ్గర అంటిస్తారు. అది మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. మైక్రో రింగ్‌లో జిగురు ఉండదు, సన్నని రింగులతో నొక్కుతారు. నిండు తలకు ఇలాంటివి పెట్టించుకోవాలంటే హైదరాబాద్ సెలూన్లలో పాతిక వేల నుంచి లక్ష దాకా చెబుతున్నారు. నడినెత్తి పల్చబడినవాళ్లకు టాపర్, మొత్తం పోయినవాళ్లకు విగ్గు.

ధరలో ఇంత తేడాకు కారణం ముఖ్యంగా ఒక్క మాట: రెమీ. తల మీంచి ఒకేసారి కోసిన జుట్టు అది. కుదురు ఒకవైపు, కొస ఒకవైపు ఉంటాయి గనక వెంట్రుక మీది సన్నని పొలుసులన్నీ ఒకే దిశలో ఉంటాయి, చిక్కు పడదు. ఇదే ఖరీదైన మాల్. మన తెలుగు నేలకు ఈ సౌదాలో పెద్ద చోటుంది. తిరుమలలో భక్తులు మొక్కుగా సమర్పించిన తలనీలాలను టీటీడీ పొడుగు ప్రకారం గ్రేడులు చేసి ఈ-వేలం వేస్తుంది. 2018 నాటి ఒక వేలంలో 31 అంగుళాలు, అంతకు పైబడిన మొదటి రకం కిలో 22 వేల రూపాయలు దాటింది. అయిదు అంగుళాల లోపుది కిలో 24 రూపాయలు. ఏలూరు, చెన్నై లాంటి చోట్ల ఈ జుట్టును కడిగి, దువ్వి, కట్టలు కట్టి విదేశాలకు పంపుతారు.

రెండోది దువ్వెనకు వచ్చిన చిక్కు జుట్టు. స్టీలు గిన్నెలకో, పిన్నీసులకో, కొంత డబ్బుకో వీధి వెంట తిరిగే ఆడవాళ్లు పోగు చేసేది అదే. కర్ణాటకలో కొప్పళ దగ్గరా, బెంగాల్‌లో ముస్లింలు ఎక్కువగా ఉన్న ముర్షిదాబాద్ జిల్లాలోనూ గరీబు ఆడవాళ్లు ఆ ఉండల్ని ముందేసుకుని ఒక్కో పోగూ చేత్తో విడదీస్తారు. అందులో ఏది కుదురో ఏది కొసో తెలియదు. పొలుసులు ఎదురెదురై చిక్కుపడతాయి గనక యాసిడ్‌తో వాటిని తీసేసి, మెరుపు కోసం సిలికాన్ పూత పూస్తారు. కొన్ని స్నానాలకు పూత పోయి, అసలు సంగతి బయటపడుతుంది. అసలు జుట్టు చవకగా ఇస్తామని ఎవరైనా అంటే చాలాసార్లు అది ఇదే. దువ్వెన నుంచి సెలూన్ దాకా ఒక్కో చేతిలో ధర పెరుగుతూనే పోతుంది. జుట్టు ఇచ్చిన తలకు మాత్రం గిన్నే మిగులుతుంది.

ఇక మసలా. వాసిలా, ముస్తౌసిలా, అంటే జుట్టుకు జుట్టు కలిపే ఆమె మీదా, కలిపించుకునే ఆమె మీదా లానత్ ఉందన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దాన్ని కాదనే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. మన హనఫీ ఫిఖ్‌లో దీన్ని విడమరిచి చెప్పారు. మనిషి జుట్టును అమ్మడం, కొనడం, కలుపుకోవడం జాయిజ్ కాదు, ఎందుకంటే ఆదం సంతానానికి అల్లాహ్ ఇచ్చిన కరామత్ ఉంది, మనిషి ఒంట్లో ఏ భాగమూ సంతలో సరుకు కాకూడదు. దారం, ఉన్ని, సింథటిక్ లాంటివాటికి గుంజాయిష్ ఇచ్చారు. ఇంకా సఖ్తీగా చెప్పే మస్లక్‌లూ ఉన్నాయి. ఎవరి ఆలిమ్‌ను వాళ్లు అడగండి.

కానీ బయానుల్లో సగం హదీసే వినిపిస్తోంది. మిగతా సగం నేను చెబుతాను. హజ్రత్ ఆయిషా (రజి) రివాయత్ ప్రకారం ఒక అన్సారీ తల్లి తన కూతురి నిఖా చేసింది. ఆ పిల్లకు జుట్టు రాలిపోయింది. తల్లి రసూలుల్లాహ్ (స) దగ్గరకు వచ్చి, అల్లుడు సవరం పెట్టించమంటున్నాడని చెప్పింది. ఆయన (స) వద్దన్నారు. ఈ హదీసును ఇమామ్ బుఖారీ కితాబున్నికాహ్‌లో ఏ బాబ్ కింద పెట్టారో తెలుసా? గునాహ్ విషయంలో భార్య భర్త మాట వినకూడదన్న బాబ్ కింద!

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ మజ్లిస్‌లో కోరిక ఎవరిది? ఆ పిల్లది కాదు, మొగుడిది. రద్దయింది ఎవరి డిమాండ్? అతనిది. జుట్టు రాలిన దుల్హన్‌ను ఉన్నదున్నట్టు ఉండనివ్వమని చెప్పిన మాటగా నాకది వినిపిస్తుంది. మనం మాత్రం అదే హదీసును తీసుకెళ్లి, జుట్టు రాలిన పిల్ల నెత్తినే కొడుతున్నాం. జడ కావాలని అడిగిన ఇంటివాళ్లను ఒక్క మాట అనం. జోడే కీ రఖం అడిగినట్టే జడ కూడా అడుగుతున్నారు. దాన్ని జహేజ్ లెక్కలో ఎవరూ రాయడం లేదంతే.

మగాళ్ల మాటా చెప్పుకోవాలి. బట్టతలకు జిగురుతో అంటించే హెయిర్ ప్యాచ్ దుకాణాలు ఇప్పుడు చిన్న టౌన్లలోనూ ఉన్నాయి. ప్యాచ్‌కు వేలల్లో ఖర్చు, నెలనెలా విప్పి అంటించడానికి విడిగా సర్వీసు ఖర్చు. దుల్హా మియా దాని మీద సాఫా చుట్టుకుని, సెహరా కట్టుకుని వస్తాడు. దుల్హన్‌కు సంగతి తెలిసేది వలీమా అయ్యాకే. ఇది దోఖా కాదా? లానత్ మాటలో ఆడవాళ్ల పేరుంది గనక ఆ ఇల్లత్, ఆ మోసం, మగాళ్లకు మాఫ్ అయిపోయిందా? నెత్తికి అంటుకుపోయిన ఆ జిగురు పొర మీద మసహ్ ఎలా, గుసుల్‌లో నీళ్లు చర్మానికి చేరేది ఎలా అని అడిగే మౌల్వీ సాబ్ కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను. ఇదే సవాల్ కుదుళ్ల దగ్గర జిగురు అంటించుకునే ఆడవాళ్లకూ ఉంది. సెలూన్‌లో డబ్బు కట్టేముందే అడగాల్సిన మాట అది.

అమ్మీలకు ఒక మాట. టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరం వచ్చినా, కాన్పు అయినా, రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. చాలామందికి ఏడాదిలోపు మళ్లీ వస్తుంది. ఒంట్లో ఐరన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా రాలుతుంది. రక్త పరీక్షకయ్యే ఖర్చు సెలూన్ లెక్కలో చాలా తక్కువ. రిష్తా తొందరలో పరీక్ష మానేసి, బీసీ ఎత్తి నలభై వేలకు కెరాటిన్ జడ అంటిస్తే, ఆ బరువుకు మిగిలిన కుదుళ్లు కూడా లాగేసుకుపోయే ప్రమాదముంది. అలా నెలల తరబడి లాగితే కొన్నిసార్లు అక్కడ జుట్టు మళ్లీ మొలవదు. కీమో వల్ల జుట్టు పోయిన పిల్ల నలుగురిలోకి రావడానికి సింథటిక్ విగ్గు పెట్టుకుంటే, ఆమెను అడిగే హఖ్ మనకు లేదు. చిత్రమేమిటంటే హనఫీ ఫిఖ్ గుంజాయిష్ ఇచ్చిందే బాజార్‌లోనూ అన్నిటికన్నా సస్తాది. అప్పు చేయాల్సిన పనే లేదు.

రిష్తా మాట వచ్చినప్పుడు మాత్రం ఏదీ దాచవద్దు, జడైనా ప్యాచైనా. అమ్మాయి వైపు నుంచి, "జ్వరమొచ్చి జుట్టు రాలింది, దవా నడుస్తోంది" అని సాఫ్‌గా చెప్పండి. అది విని లేచిపోయేవాళ్లు ఎలాగూ ఉండాల్సినవాళ్లు కాదు. రేపు కాన్పుకు జుట్టు రాలితే ఆ ఇంట్లో మన పిల్ల గతి ఏమయ్యేదో ఈరోజే తెలిసిపోయిందని షుక్ర్ చేసుకోండి.

కొడుకుల అమ్మీలూ! ఈసారి రిష్తాకు వెళ్లినప్పుడు మీ చేయి మీ ఒళ్లోనే ఉంచుకోండి. ఆ పిల్ల ఏం చదివింది, ఏం చేయాలనుకుంటోంది, మీ అబ్బాయి ఆమెకు నచ్చాడా అని నోటితో అడగండి. లేదూ జడ చూసి తీరాలంటారా, అయితే ముందు మీ సాహెబ్‌జాదా టోపీ తీయించండి.