సెల్ నంబరుకా, ఊరికా? గిరిజన ప్రాంతాల్లో సలహా సందేశాల గమ్యం

వ్యవసాయ సలహాలను సంక్షిప్త సందేశాలుగా పంపడం మనకు అలవాటైపోయింది. సందేశం పంపగానే మన నివేదికలో ఒక అంకె పెరుగుతుంది. కాని తూర్పు కనుమల గిరిజన గ్రామాలలో చాలాచోట్ల మెట్ట ఎక్కితే సిగ్నల్ అందుతుంది, దిగితే పోతుంది. టవర్లు వచ్చేవరకు అక్కడ చేయగలిగింది లేదన్న వాదనతో నేను ఏకీభవించను.

అనుసంధానం తరచూ తెగిపోయే చోట సందేశాన్ని ఒక పరికరంలో నిల్వ చేసి, మోసుకెళ్లి, ఎదురైన మరో పరికరానికి అందించే పద్ధతిపై కంప్యూటర్ శాస్త్రంలో రెండు దశాబ్దాలకు పైగా పరిశోధన సాగుతోంది. మనకు దగ్గరి ఉదాహరణ కర్ణాటకలోని దొడ్డబళ్ళాపుర ప్రాంతంలో జరిగిన డాక్‌నెట్ ప్రయోగం. బస్సుకు అమర్చిన వైఫై పరికరం గ్రామ కియోస్కు దగ్గరకు రాగానే భూమి రికార్డుల దరఖాస్తులను అందుకొని పట్టణానికి చేర్చేది. ఒక విధంగా ఇది తపాలా బస్సుకు కొత్త రూపమే.

ఎదురైనవారిలో ఎవరికి అందించాలన్నదే అసలు చిక్కు. 2000లో వాదత్, బెకర్ ప్రతిపాదించిన ఎపిడెమిక్ రూటింగ్‌లో ఎదురైన ప్రతి పరికరానికీ నకలు చేరుతుంది. మెమరీ, బ్యాటరీ త్వరగా హరించుకుపోతాయి. 2003 నాటి ప్రాఫెట్ పద్ధతి ఎవరు ఎవరిని తరచూ కలుస్తారన్న గత అనుభవాన్ని లెక్కిస్తుంది. స్థాన ఆధారిత రూటింగ్ మాత్రం గమ్య ప్రాంతం వైపు వెళ్తున్నది ఎవరో చూస్తుంది. విస్తరణ కృషికి ఈ మూడవదే సహజమని నా అభిప్రాయం. వరిలో అగ్గితెగులు హెచ్చరిక నంబరు నమోదు చేసుకున్న ఒక రైతుకు సంబంధించినది కాదు. మబ్బు, మంచు కమ్మిన ఆ లోయలోని ప్రతి మడికీ సంబంధించినది.

అయితే స్థానమంటే అక్షాంశ రేఖాంశాలు మాత్రమే అనుకుంటే పొరబడతాం. పటంలో పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ల నడుమ గెడ్డ పొంగితే వానాకాలమంతా రాకపోకలు ఉండవు. సరిగ్గా సలహాలు అవసరమయ్యే కాలం కూడా అదే. మన విద్యార్థులు సిమ్యులేషన్‌లో వాడే రాండమ్ వేపాయింట్ నమూనాలో మనుషులు ఇష్టం వచ్చిన దిక్కుకు నడుస్తుంటారు. కొండల్లో అలా నడిచేవారెవరు? వారం వారం సంతకు వస్తారు, వచ్చిన దారినే తిరిగి వెళ్తారు. సంత రోజు, బస్సు వేళ తెలిసిన పద్ధతి అవి తెలియని పద్ధతికన్నా తక్కువ నకళ్లతో పని ముగించగలదని ఊహించడానికి పెద్ద గణితం అక్కరలేదు.

కాలం సంగతి ఇంతకన్నా కీలకమైనది. వాతావరణ ఆధారిత వ్యవసాయ సలహాలు మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. వాటి అంచనా రాబోయే అయిదు రోజులకే. శుక్రవారపు సలహా తరువాతి గురువారం సంతలో అందితే దాని గడువు అప్పటికే తీరిపోయి ఉంటుంది. వాన రాదని నమ్మి మందు పిచికారీ చేసిన రైతు నష్టపోతే ఆ నింద మనకే వస్తుంది. విత్తనశుద్ధి విధానమైతే పది రోజులు ఆలస్యమైనా, విత్తే లోపు చేరితే చాలు. ఈ నెట్‌వర్కుల కోసం 2007లో రూపొందిన బండిల్ ప్రోటోకాల్‌లో ప్రతి సందేశానికీ ఆయుర్దాయం నిర్ణయించే వీలుంది. ఆ గడిని నింపవలసింది ఇంజనీరు కాదు, పంట తెలిసిన విస్తరణ శాస్త్రజ్ఞుడు. ఏ సలహా ఏ ఊళ్లకు, ఎన్నాళ్లు చెల్లుతుందో మనం చెప్పకుండా వారిని పరిష్కారం అడగడం న్యాయం కాదు.

మరొక జాగ్రత్త. కెన్యాలో జీబ్రాల మెడకు పరికరాలు కట్టి ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఇదే తరహా నెట్‌వర్కును పరీక్షించారు. తన జాడ నమోదవుతోందని జీబ్రా అభ్యంతరం చెప్పదు. మనిషి చెబుతాడు, చెప్పాలి కూడా. అందువల్ల పరికరాన్ని రైతు జేబులో కాక బస్సులోనో, సంత దగ్గరి దుకాణంలోనో ఉంచడం మేలు. రైతు ఫోను సందేశాన్ని అందుకుంటే చాలు, తాను తిరిగిన దారిని ఎవరికీ చెప్పనక్కరలేదు.

స్నాతకోత్తర విద్యార్థి ఎవరైనా ఈ అంశాన్ని చేపట్టదలిస్తే మొదటి ఏడాది ప్రోటోకాల్ జోలికి పోకుండా, ఒక మండలంలో ఖరీఫ్ అంతా ఏ ఊరివారు ఏ సంతకు వస్తారో, గెడ్డ పొంగినప్పుడు ఏ దారి మూసుకుపోతుందో నమోదు చేయాలని నా సూచన.